చూసిన చోటు, చెప్పిన మాట: సినిమా ప్రేక్షకుని అభిప్రాయానికి ఒక చరిత్ర

తెలుగునాట ఇద్దరు పరిచయస్తులు కలుసుకుంటే, కుశలప్రశ్నలు అయ్యాక తప్పకుండా వచ్చే ప్రశ్నలు రెండున్నాయి. "ఈ మధ్య ఏం సినిమా చూశావు, ఎలా ఉంది?" అనేది మొదటిది. "ఎక్కడ చూశావు?" అనేది రెండోది. మొదటి ప్రశ్నకు వచ్చే జవాబును మనం అభిప్రాయం అంటాం. రెండోదానికి వచ్చే జవాబును వట్టి సమాచారం కింద జమకట్టి వదిలేస్తాం. అది వట్టి సమాచారం కాదనీ, మొదటి జవాబు చాలావరకు రెండోదాన్నుంచే పుడుతుందనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

"బాగుంది", "విసుగు పుట్టించాడు", "మొదటి సగం పరవాలేదు, తర్వాత తేలిపోయింది" వంటి మాటల్ని మన సాహిత్య విమర్శ ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. పుస్తకం గురించి పాఠకుడు రాసిన ఉత్తరాన్నయినా ప్రచురించాం గాని, హాలు గేటు దగ్గర ప్రేక్షకుడు అన్న మాటను రాసిపెట్టుకున్న పాపాన పోలేదు. కోట్లమంది ఒక శతాబ్దంపాటు చేసిన విమర్శ ఈ విధంగా గాలిలో కలిసిపోయింది. ఇవాళ పరిస్థితి పూర్తిగా తలకిందులైంది. ప్రేక్షకుడు అన్న ప్రతి మాటా, నొక్కిన ప్రతి మీటా ఎక్కడో నమోదవుతోంది. అయితే నమోదు చేస్తున్నది విమర్శకులు కాదు, వ్యాపార సంస్థలు. ఈ మార్పు ఎలా వచ్చిందో చూడాలంటే మొదటి ఆట నుంచీ మొదలుపెట్టాలి.

1

1896 జూలై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో లూమియేర్ సోదరుల కదిలే బొమ్మలు ప్రదర్శించారు. ప్రవేశ రుసుము ఒక రూపాయి. ఆనాటి కూలివాడికి అది అనేక దినాల సంపాదన. అంటే తొలి ప్రేక్షకులెవరో రుసుమే నిర్ణయించింది. కొద్ది రోజుల్లోనే ప్రదర్శన నావెల్టీ థియేటరుకు మారింది. ఆ నెలాఖరుకు టిక్కెట్టు నాలుగణాల నుంచి రెండు రూపాయల దాకా మెట్లుమెట్లుగా విడిపోయింది. పరదా స్త్రీలకు, వారి కుటుంబాలకు ప్రత్యేకమైన బాక్సులు కేటాయించారు. సినిమా ఇంకా కథ చెప్పడం నేర్చుకోలేదు గాని, హాలు మాత్రం మన సమాజాన్ని తరగతులవారీగా కూర్చోబెట్టడం అప్పుడే నేర్చుకుంది. ఈ సంగతి మనం గుర్తుంచుకోవాలి.

దక్షిణాదిలో సినిమా ఊళ్లకు చేరింది డేరాల ద్వారా. తిరుచిరాపల్లిలో రైల్వే ఉద్యోగి అయిన స్వామికణ్ణు విన్సెంట్ 1905లో ఒక ఫ్రెంచివాని దగ్గర ప్రొజెక్టరు, ఫిల్ములు కొని సంచార ప్రదర్శనలు ప్రారంభించాడు. మచిలీపట్నానికి చెందిన రఘుపతి వెంకయ్య మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుకుంటూ, 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని తెప్పించి, బొమ్మకు గ్రామఫోను ధ్వనిని జోడించి చూపించాడు. ఆ యంత్రంతోనే బర్మా, సింహళం దాకా తిరిగాడు. 1914లో మద్రాసులో గెయిటీ హాలు కట్టాడు. ఆంధ్ర ప్రాంతంలో మొట్టమొదటి శాశ్వతమైన హాలు విజయవాడలో పోతిన శ్రీనివాసరావు 1921లో నెలకొల్పిన మారుతీ సినిమా.

మూకీల కాలంలో తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడు. తెరమీద అక్షరాలు ఇంగ్లీషులోనో, చదువుకున్నవాళ్లకే అర్థమయ్యే మరొక భాషలోనో ఉండేవి. హాల్లో ఉన్నవారిలో ఎక్కువమందికి ఏ చదువూ లేదు. కాబట్టి ఆ వ్యాఖ్యాత అక్షరాలను చదివి ఊరుకోలేదు. దుర్మార్గుణ్ణి తిట్టాడు, కథానాయికను చూసి జాలిపడ్డాడు, పరాయిదేశపు కథలో మన ఊరి సామెత జొప్పించాడు. మన మొదటి సినిమా విమర్శకుడు ఆయనే అనుకోవచ్చు. ఆయన అభిప్రాయం బొమ్మ అయిపోయాక రాలేదు, బొమ్మతోపాటే వచ్చింది. విన్నవాళ్లు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అక్కడే, ఆ క్షణంలోనే కేకలు వేసి తెలియజేశారు. వ్యాఖ్యాత ఏం చెప్పాడో, జనం ఏం కేకలు వేశారో ఏ గ్రంథంలోనూ లేదు.

2

ప్రభుత్వం మాత్రం చూసేచోటును నిర్లక్ష్యం చేయలేదు. 1918 సినిమాటోగ్రాఫ్ చట్టం రెండు పనులు చేసింది. ప్రదర్శించే స్థలానికి లైసెన్సు తప్పనిసరి చేసింది, ప్రదర్శించే బొమ్మకు ధ్రువపత్రం తప్పనిసరి చేసింది. 1920లో మద్రాసు, బొంబాయి, కలకత్తా, రంగూన్‌లలో సెన్సారు బోర్డులు ఏర్పడ్డాయి. మద్రాసు బోర్డుకు అధ్యక్షుడు పోలీసు కమిషనరు. బొమ్మ ఎంత ప్రమాదకరమో, దాన్ని చూడటానికి చీకట్లో ఒకచోట చేరిన జనం అంతకంటే ప్రమాదకరమని పాలకులు భావించారు. నిప్పు అంటుకుంటుందన్న భయం ఒక కారణం. నైట్రేట్ ఫిల్ము నిజంగానే భగ్గున మండేది. కాని వాళ్లు భయపడ్డది ఆ నిప్పుకొక్కదానికే కాదు.

1927లో మద్రాసు న్యాయవాది టి. రంగాచారి అధ్యక్షతన ఇండియన్ సినిమాటోగ్రాఫ్ కమిటీ ఏర్పడింది. దేశమంతా తిరిగి 353 మంది సాక్షులను విచారించి 1928లో నివేదిక ఇచ్చింది. సినిమా ప్రేక్షకుల గురించి మన దేశంలో జరిగిన మొట్టమొదటి పెద్ద విచారణ అది. కాని సాక్షులు ఎవరు? అధికారులు, హాళ్ల యజమానులు, పంపిణీదారులు, నిర్మాతలు, ఉపాధ్యాయులు, మతసంస్థలవారు, పత్రికలవారు. "కింది తరగతి ప్రేక్షకులకు ఏది ఇష్టం, వాళ్లమీద దేని ప్రభావం ఎలా ఉంటుంది" అన్న ప్రశ్నలకు వీళ్లు జవాబులిచ్చారు. నాలుగణాల టిక్కెట్టు కొన్న మనిషి గురించి అందరూ మాట్లాడారు. అతని చేత మాట్లాడించినవారు మాత్రం లేరనే చెప్పాలి. సంపుటాల కొద్దీ అచ్చయిన ఆ సాక్ష్యాలు చరిత్రకారులకు అమూల్యమైనవే. కాని అవి ప్రేక్షకుని అభిప్రాయం కావు, ప్రేక్షకుని మీద అభిప్రాయాలు. ఈ రెంటికీ ఉన్న తేడాను మనం తర్వాతి కాలంలో కూడా పదేపదే మరచిపోయాం.

ఈ మరపు ఎంతదాకా పోయిందంటే, తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ఎప్పుడు విడుదలైందో కూడా మనకు సరిగ్గా గుర్తులేదు. 1931 సెప్టెంబరు 15 అని దశాబ్దాలపాటు నమ్మాం, ఉత్సవాలు చేసుకున్నాం. ఆనాటి పత్రికలను, సెన్సారు వివరాలను పరిశీలించి, ఆ చిత్రం 1932 ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో మొదటిసారి ఆడిందని రెంటాల జయదేవ నిరూపించేదాకా ఆ తప్పు అలాగే ఉంది. మన భాషలో వచ్చిన మొదటి మాటల సినిమా తెలుగుజిల్లాల్లో కాక బొంబాయిలో మొదట ఆడిందన్న విషయాన్నే మరచిపోయినవాళ్లం, ఆ రోజు హాల్లో కూర్చున్నవాళ్లు ఏమనుకున్నారో దాచుకుని ఉంటామని ఎలా ఆశించగలం?

3

టాకీల తర్వాత హాలు స్వరూపం స్థిరపడింది. తెరకు దగ్గరగా నేల, దాని వెనక బెంచి, ఆ వెనక కుర్చీ, పట్టణాల్లో ఆపైన బాల్కనీ. అనేక హాళ్లలో ఆడవాళ్లకు వేరే ద్వారం, వేరే భాగం, మధ్యలో తడికో, తెరో. టూరింగ్ టాకీసులో నేల అంటే అచ్చంగా నేలే, ఇసుక పోసిన నేల. ఇసుకను కుప్పగా చేసుకుని కూర్చుంటే ముందువాడి తల అడ్డం రాదు. ఒకటే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. అంటే సినిమా మధ్యలో మూడునాలుగుసార్లు ప్రేక్షకులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, అప్పటిదాకా చూసినదాని మీద తీర్పు చెప్పుకునే అవకాశం ఉండేది. ఘంటసాల భక్తిపాట రికార్డు మైకులో వినపడగానే టిక్కెట్లు ఇవ్వడం మొదలైందని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బళ్లు కట్టుకుని బయలుదేరేవారు. కథ సగం చెప్పి 'తరువాయి వెండితెరపై' అని ముగించే పాటల పుస్తకం చేతిలో ఉండేది. ఇంటికి నడిచి పోయే రెండుమూడు మైళ్ల దారి పొడుగునా విమర్శ సాగేది.

శ్రీలంకకు చెందిన తమిళ మార్క్సిస్టు విమర్శకుడు కార్తిగేసు శివతంబి 1981లో ఒక ముఖ్యమైన మాట అన్నారు. తమిళులందరూ కులభేదం లేకుండా ఒకే కప్పు కింద కూర్చున్న మొదటి ప్రదర్శనశాల సినిమా హాలు అన్నది దాని సారాంశం. గుడిలోకి రానివ్వని మనిషికి బుకింగు కిటికీలో టిక్కెట్టు ఇచ్చారు. అది సామాన్యమైన మార్పు కాదు. ఈ మాట తెలుగుప్రాంతానికీ వర్తిస్తుంది. అయితే ఒకే కప్పు అన్నంత మాత్రాన ఒకే ఆసనం కాదు. కులం చెప్పినచోట ఇప్పుడు టిక్కెట్టు చెప్పింది. నేలమీద ఎవరు కూర్చున్నారు, కుర్చీలో ఎవరు కూర్చున్నారు అని లెక్కతీస్తే రెండు జాబితాలు పెద్దగా మారలేదని తేలుతుంది. కప్పు కొత్తది, కింది అమరిక పాతది.

నేల ప్రేక్షకుడు తన అభిప్రాయాన్ని వాక్యాలలో చెప్పలేదు. ఈల వేశాడు, చిల్లర విసిరాడు, రీలు తెగితే గోల చేశాడు, నచ్చిన పాట మళ్లీ వెయ్యమన్నాడు, నచ్చనిది వస్తే బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయాడు. చదువుకున్నవాళ్లు దీన్ని అల్లరి అన్నారు. పంపిణీదారుడు మాత్రం అలా అనుకోలేదు. హాళ్లనుంచి అతనికి రోజూ డి.సి.ఆర్. వచ్చేది. ఏ ఆటకు ఏ తరగతిలో ఎన్ని టిక్కెట్లు తెగాయో చెప్పే రోజువారీ వసూళ్ల పట్టిక అది. మొదటివారం తర్వాత కుర్చీ పడిపోయి నేల నిలబడిందా, నేల పడిపోయి కుర్చీ నిలబడిందా అన్నది చూసి, తర్వాతి చిత్రానికి ఎంత పెట్టుబడి ఎక్కడ పెట్టాలో విజయవాడ గాంధీనగరంలో నిర్ణయించేవారు. నేల ప్రేక్షకుని అభిప్రాయాన్ని ప్రతిరోజూ నమోదు చేసిన దస్తావేజు చరిత్రలో అదొక్కటే. అందులో మాటలు లేవు, అంకెలే ఉన్నాయి. ఎందుకు నచ్చింది అన్న ప్రశ్నకు అంకె జవాబు చెప్పదు.

4

ఇక మన సంగతి. తెలుగులో అచ్చయిన సినిమా విమర్శ ఆలస్యంగా ఏమీ రాలేదు. 1930లలోనే కృష్ణాపత్రికలో 'సినీఫాన్' పేరుతో కమలాకర కామేశ్వరరావు చేసిన సమీక్షలు పరిశ్రమను కలవరపెట్టాయి. ఆయన తర్వాత తానే దర్శకుడయ్యారు. కొడవటిగంటి కుటుంబరావు సినిమాను కళగా, వ్యాపారంగా, సామాజిక విషయంగా దశాబ్దాలపాటు పరిశీలించి రాశారు. ఆ వ్యాసాలు ఇవాళ చదివినా ఉపయోగపడతాయి. సాహిత్యకారులు సినిమాను అంటుకోలేదన్నది నిజం కాదు. 1938 'మాలపిల్ల'కు కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. మరుసటి సంవత్సరం గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' తీస్తే జమీందారులు దాన్ని ఆపించడానికి ప్రయత్నించారు. ఆ చిత్రం తీసిన సారథి సంస్థకు పెట్టుబడి పెట్టినవాడు చల్లపల్లి జమీందారే కావడం ఆ కాలపు వైరుధ్యాలలో ఒకటి.

అయినా ఒక లోపం ఉంది. మన విమర్శలో అధికభాగం కుర్చీలోనుంచి రాసింది. తెరను చూశాం, తెర వెనక డబ్బును చూశాం. తెరకూ మనకూ మధ్య నేలమీద కూర్చున్నవాళ్ల వీపులు మాత్రమే చూశాం. 'నేల టిక్కెట్టు అభిరుచి' అనే మాటను ప్రజల పక్షాన ఉన్నామని చెప్పుకున్నవాళ్లం కూడా తిట్టుగానే వాడాం. ప్రజానాట్యమండలి నిర్మాతలలో ఒకరైన డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో 'పుట్టిల్లు' తీశారు. నాటకంగా ప్రదర్శించినప్పుడు వేలాదిమందిని కదిలించిన చెయ్యి అది. సినిమా దెబ్బతిన్నది. ఎందుకు దెబ్బతిన్నదో పెట్టుబడి కోణం నుంచి చెప్పినవాళ్లున్నారు, పరిశ్రమ కుట్రల కోణం నుంచి చెప్పినవాళ్లున్నారు. అదే పల్లెలో ప్రజానాట్యమండలి నాటకం చూసి కన్నీరు పెట్టుకున్న మనిషి ఈ బొమ్మ చూసి ఏమనుకున్నాడు? అతన్ని అడగడం మన పనే. మనం అడగలేదు. అడిగి ఉంటే, ఆరుబయట ఊరందరిమధ్య చూసిన కళకూ టిక్కెట్టు కొని చీకట్లో చూసిన కళకూ తేడా ఏమిటో మన సిద్ధాంతానికి తెలిసి ఉండేది.

1947లో కలకత్తాలో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మొదలైనవారు ప్రారంభించిన ఫిల్మ్ సొసైటీ ఉద్యమం 1959 నాటికి ఒక సమాఖ్యగా ఏర్పడింది. తర్వాతి దశాబ్దాలలో అది హైదరాబాదుకూ, జిల్లా పట్టణాలకూ వచ్చింది. బొమ్మ అయిపోయాక కుర్చీలు గుండ్రంగా వేసుకుని మాట్లాడుకోవడమన్నది అది తెచ్చిన మంచి అలవాటు. అక్కడ అభిప్రాయానికి కారణం చెప్పాలి. కాని ఆ కుర్చీల్లో కూర్చున్నది అధ్యాపకులు, బ్యాంకు ఉద్యోగులు, విద్యార్థులు, మనబోటి రచయితలు. నేల అక్కడికి రాలేదు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1979లో తయారైన 'మా భూమి' మరొక దారి చూపింది. మామూలు హాళ్లలోనే, ఉదయం ఆటలుగా, తక్కువ టిక్కెట్టుకు, నెలల తరబడి ఆడింది. తెలంగాణ పోరాటాన్ని ఎరిగినవాళ్లు, ఎరగనివాళ్లు కలిసి చూశారు. పెద్ద చిత్రాలకు పనికిరాదని వదిలేసిన సమయాన్ని మరొక రకం సినిమా ఆక్రమించుకోగలదని రుజువైంది.

5

ఆ తర్వాత చూసేచోటు హాలు దాటి బయటికి వచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఒక సంవత్సరంపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టెలివిజన్ ప్రసారాలు అందించిన ప్రయోగంలో మన రాష్ట్రపు పల్లెలూ ఉన్నాయి. అక్కడ టీవీ ఊరుమ్మడి సొత్తు. 1980లలో అది ఇంటిసొత్తు అయింది. ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్ ప్రాంతీయ భాషల చిత్రాలు వేసినప్పుడు, ఫిల్మ్ సొసైటీలకే పరిమితమైన బెంగాలీ, మలయాళ చిత్రాలు చిన్న ఊళ్ల ఇళ్లల్లోకి వచ్చాయి. కాని అడుగున వేసే అక్షరాలు ఇంగ్లీషువి. అరవైయేళ్ల కిందట తెర పక్కన నిలబడిన వ్యాఖ్యాత లేని లోటు మళ్లీ కనపడింది. అదేకాలంలో వీసీఆర్ వచ్చింది. ఒక రాత్రికి టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చి వీధిలో పెట్టి మూడు సినిమాలు వరుసగా వేసుకోవడం పెళ్లిళ్లలో, జాతరల్లో మామూలయింది. నేల హాలును వదిలి వీధిలోకి వచ్చిందన్నమాట. హక్కుదారులు గగ్గోలు పెట్టగా 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించారు.

2000 తర్వాత పట్టణాల్లో మల్టీప్లెక్సులు వచ్చాయి. నేల, బెంచి అన్న తరగతులు అక్కడ లేవు. ఇది సమానత్వమని భ్రమపడరాదు. హాలు లోపలి తరగతులు పోయి, హాలుకూ హాలుకూ మధ్య తరగతులు వచ్చాయి. ఒకే కప్పు కూడా పోయింది. చిన్న ఊళ్ల హాళ్లు కల్యాణమండపాలుగా, గిడ్డంగులుగా మారాయి. 2020 మార్చిలో కరోనా వల్ల హాళ్లన్నీ మూతపడ్డప్పుడు, అప్పటికే దేశంలో ఉన్న నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ వంటివాటికీ, ఆ ఏడే వచ్చిన తెలుగు వేదిక 'ఆహా'కూ లక్షలమంది అలవాటుపడ్డారు. "ఎక్కడ చూశావు?" అన్న ప్రశ్నకు ఊరిపేరు, హాలుపేరు జవాబుగా వచ్చేవి. ఇప్పుడు కంపెనీ పేరు వస్తోంది.

అభిప్రాయం కూడా స్థలం మార్చుకుంది. పెద్ద తెలుగు చిత్రం అమెరికాలో ముందురోజు సాయంత్రమే ఆడుతుంది. కాలభేదంవల్ల ఇక్కడ తెల్లవారి మొదటి ఆట పడేలోగా అక్కడివాళ్ల తీర్పు ఇక్కడి ఫోన్లలో ఉంటుంది. రైతుకూలీ చూడబోయే బొమ్మ మీద తొలి మాట డాలర్లు పెట్టి టిక్కెట్టు కొన్నవాడిది. నిర్మాతలకు ఈ వేగమంటే భయం. విడుదలైన మూడు రోజులదాకా సమీక్షలు రాకుండా ఆపాలని తమిళ నిర్మాతల సంఘం ఒకటి 2024లో మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. విమర్శ భావప్రకటనా స్వేచ్ఛలో భాగమంటూ కోర్టు అందుకు నిరాకరించింది. ఆ నిరాకరణను మనం సమర్థించాలి. డబ్బు తీసుకుని పొగిడే సమీక్షలు, కక్షకట్టి తిట్టే సమీక్షలు ఉన్నాయన్నది నిజమే. దానికి విరుగుడు మరింత నిజాయితీగల విమర్శే గాని, నోరు నొక్కడం కాదు.

అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. ఏ నిమిషంలో బొమ్మ ఆపేశామో, ఏ దృశ్యాన్ని రెండోసారి చూశామో, దేన్ని సగంలో వదిలేశామో ఆ వేదికలు నమోదు చేసుకుంటాయి. తర్వాత ఏం చూడాలో మనకు చెబుతాయి, ఏం తీయాలో నిర్మాతకు చెబుతాయి. పాత డి.సి.ఆర్. హాలు మొత్తాన్ని లెక్కపెట్టింది. ఇది ఒక్కొక్క మనిషినీ విడదీసి లెక్కపెడుతోంది. అందులోనూ అంకెలే ఉన్నాయి, ఎందుకు అన్నది లేదు. పైగా ఆ లెక్కలు పరిశోధకుడికి అందవు, ప్రేక్షకుడికీ అందవు. రంగాచారి కమిటీ సాక్ష్యాలైనా అచ్చయ్యాయి.

6

పాత హాలును తలచుకుని నిట్టూర్చడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. తడిక అవతల కూర్చున్న స్త్రీకీ, నేలమీద కూర్చున్న దళితుడికీ ఆ హాలు స్వర్గమేమీ కాదు. ఇంట్లో కూర్చుని తనకిష్టమైన బొమ్మ చూసే స్వేచ్ఛ ఒక స్త్రీకి ఇవాళ దొరికితే అది లాభమే. పోయినదల్లా ఒకటుంది. అపరిచితుల మధ్య కూర్చుని, వాళ్ల నవ్వుతో తన నవ్వును సరిచూసుకుని, ఇంటికి నడుస్తూ వాదించుకుని అభిప్రాయాన్ని తయారుచేసుకునే పద్ధతి పోయింది. అభిప్రాయమన్నది సమష్టిగా తయారైన రోజుల్లో దాన్ని మనం రాసుకోలేదు. ఒంటరిగా తయారవుతున్న రోజుల్లో దాన్ని వ్యాపారులు రాసుకుంటున్నారు.

కాబట్టి మనం చేయవలసిన పనులు కొన్ని కనపడుతున్నాయి. టూరింగ్ టాకీసులో రీళ్లు వేసినవాళ్లు, గేటు దగ్గర టిక్కెట్టు చింపినవాళ్లు, నేలమీద కూర్చుని చూసినవాళ్లు ఇంకా మన ఊళ్లలో బతికే ఉన్నారు. వారి వయస్సు డెబ్భై దాటింది. సాహిత్య విద్యార్థులు జానపదగేయాలను సేకరించినంత శ్రద్ధతో ఈ జ్ఞాపకాలను సేకరించాలి. ఏ బొమ్మ చూశారని మాత్రమే కాదు, ఎక్కడ కూర్చుని, ఎవరితో, ఎన్ని మైళ్లు నడిచి చూశారని, చూసి ఏమనుకున్నారని అడగాలి. పాత డి.సి.ఆర్. కాగితాలు, పాటల పుస్తకాలు, కరపత్రాలు చెత్తకుప్పల పాలు కాకముందే గ్రంథాలయాలకు చేర్చాలి. సినిమా గురించి రాసేవాళ్లు తాము ఎక్కడ కూర్చుని చూశారో ముందు చెప్పి, ఆ తర్వాత తీర్పు చెప్పాలి.

వీటన్నిటికంటే ముందు, ఈసారి ఎవరైనా "బాగుంది" అన్నప్పుడు అక్కడితో ఆగకుండా, ఎందుకు బాగుందని అడగాలి. జవాబును ఓపిగ్గా వినాలి. రంగాచారి కమిటీ ఎదుట సాక్షిగా నిలబడని మనిషి, మన పత్రికల్లో చోటు దొరకని మనిషి చెప్పే మాట అది. ప్రజల పక్షాన విమర్శ చేస్తున్నామని చెప్పుకునేవాళ్లం ఆ మాటను ఇప్పటికైనా రాసిపెట్టాలి.